ప్రాంప్ట్ కొడితే యాప్ వచ్చేస్తోంది, మరి టీమ్ సంగతేంటి? ఒక ఏఐ డిజైన్ టూల్ రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం. 5కి 3.5. ఒంటరిగా కూర్చుని స్క్రీన్లు చేసుకోడానికైతే కళ్లు మూసుకుని 4.5 ఇచ్చేసేవాణ్ణి, కానీ టీమ్‌లోకి వచ్చాక అది పెట్టిన చిచ్చు చూస్తే 2.5 కూడా ఎక్కువే అనిపిస్తుంది, అందుకని మధ్యలో కొట్టా.

టూల్ పేరు చెప్పట్లేదు, అడక్కండి. దాచాలని కాదు, ఈ రకం టూల్స్ అన్నీ నెలకో అవతారం ఎత్తుతున్నాయి, ఇవాళ నేను తిట్టిన ఫీచర్ మీరు ఇది చదివే టైమ్‌కి బాగుపడి ఉండొచ్చు, పైగా అన్నిటి అడుగునా నడిచేవి అవే కొద్ది కంపెనీల మోడల్స్ కాబట్టి ఒకదానికి ఉన్న జబ్బు పక్కదానికీ ఉంటుంది. ఎడమ పక్క చాట్ బాక్స్, కుడి పక్క లైవ్ ప్రివ్యూ, మనకేం కావాలో మామూలు మాటల్లో రాస్తే (దాన్నే ప్రాంప్ట్ అంటారు) అది వెబ్ స్క్రీన్లు కట్టే రియాక్ట్ కోడ్ రాసి అక్కడికక్కడే నడిపి చూపిస్తుంది, ఆ జాతి అన్నమాట. మేం చేసేది అపాయింట్‌మెంట్లు బుక్ చేసుకునే యాప్, నేను అందులో ప్రొడక్ట్ డిజైనర్‌ని. డిజైనర్లు, పీఎంలు (ప్రొడక్ట్ మేనేజర్లు), డెవలపర్లు, సపోర్ట్ వాళ్లు అందరికీ సీట్లు తీసుకున్నారు కాబట్టి ఇది ఒక్కడు ఆడుకుని రాసిన రివ్యూ కాదు, అందరి తిట్లూ మెచ్చుకోళ్లూ కలిపి రాస్తున్నా.

ఇదంతా ఎంత తొందరగా మీద పడిందో ఒకసారి చూడండి. ఈ జాతి టూల్స్‌లో వెర్సెల్ వాళ్ల వీజీరో 2023లో వచ్చింది, బోల్ట్ 2024 అక్టోబర్‌లో, దాని వెనకే లవబుల్, 2025 మే ఒక్క నెలలోనే ఫిగ్మా మేక్, గూగుల్ స్టిచ్ రెండూ దిగాయి. ఏఐ రీసెర్చర్ ఆండ్రే కర్పతీ వైబ్ కోడింగ్ (కోడ్ వంక చూడకుండా ఏఐకి చెప్పి రాయించుకోవడం) అనే మాట వాడింది 2025 ఫిబ్రవరిలో, కొన్ని నెలలు తిరిగేసరికి అది ప్రతి పీఎం నోటా ఊతపదం అయి కూర్చుంది. అంతకుముందు ఫొటోషాప్ నుంచి స్కెచ్‌కి, స్కెచ్ నుంచి ఫిగ్మాకి మారడానికి మన ఫీల్డ్‌కి ఏళ్లు పట్టింది, అప్పుడు కూడా మారింది గీసే సాఫ్ట్‌వేరే, గీసే మనుషులు వాళ్లే. ఈసారి ఎవరు పడితే వాళ్లు గీసేస్తున్నారు. అసలు గోలంతా అక్కడే.

సరే, మంచి ముందు చెప్పుకుందాం, ఎందుకంటే మంచి నిజంగానే ఉంది.

పాత ఫిగ్మా ప్రొటోటైప్, అంటే యాప్ నమూనా, గుర్తుందా, ఫ్రేమ్ నుంచి ఫ్రేమ్‌కి బాణాలు లాగీ లాగీ చివరికి నూడుల్స్ ప్లేట్‌లా తయారయ్యేది, టెస్టింగ్‌కి వచ్చిన మనిషి పేరు టైప్ చేద్దామని బాక్స్ మీద నొక్కితే అది ఉత్త బొమ్మ, కీబోర్డ్ రాదు, "ఇక్కడ టైప్ చేసినట్టు ఊహించుకోండి" అని మనం పక్కన కూర్చుని చెప్పాలి. ఈ టూల్‌లో వచ్చేది నిజం కోడ్ కాబట్టి నిజంగా టైప్ అవుతుంది, ఫోన్‌లో తెరిస్తే కీబోర్డ్ పైకి వచ్చి కింద ఉన్న బటన్‌ని మింగేయడం కూడా కనిపిస్తుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. మా బుకింగ్ ఫారమ్‌లో "కన్ఫర్మ్" బటన్ కీబోర్డ్ వెనక దాక్కుంటుందన్న సంగతి ఇదివరకైతే డెవలప్‌మెంట్ అయిపోయి క్యూఏకి (తప్పులు పట్టే టెస్టింగ్ టీమ్‌కి) వెళ్లాక తెలిసేది, ఇప్పుడు అనుకున్న రోజే తెలిసిపోయింది.

ఇంకోటి, డేటా. అసలు డేటా లాంటిదే ఒక ఫైల్, పేర్లూ నంబర్లూ మార్చేసి, అందులో పడేస్తే ఆ డేటాతోనే స్క్రీన్ నడుస్తుంది. డిజైనర్లు మామూలుగా ఏం చేస్తారు, అందమైన చిన్న పేరు, రెండు లైన్ల అడ్రస్, ఫొటో ఉన్న ప్రొఫైల్ పెట్టి బొమ్మ గీస్తారు. నిజం డేటాలో సగం మందికి ఫొటో ఉండదు, ఒకాయన పేరు మూడు లైన్లు పడుతుంది, ఒక క్లినిక్‌కి అసలు ఖాళీ స్లాట్లే ఉండవు. ఆ ఫైల్ వేసిన నిమిషంలో మా లిస్ట్ స్క్రీన్ మొహం మారిపోయింది, ఎంతో ప్రేమగా చేసుకున్న కార్డ్ డిజైన్ పనికిరాదని తేలిపోయింది, పక్కన పెట్టేసి మామూలు వరసల లిస్ట్‌కి వచ్చేశాం. ఈ ఒక్క పనికే నేను డబ్బులు కట్టమన్నా కడతా.

వాదనలు కూడా తగ్గాయి, కొన్ని. క్యాలెండర్ నెల మొత్తం చూపించాలా, వారం చూపించాలా, లేకపోతే "రేపు సాయంత్రం 5కి ఒకటి ఖాళీగా ఉంది" అని డైరెక్ట్‌గా స్లాట్లే చూపించాలా అని మేం ఇదివరకు మీటింగ్ మీద మీటింగ్ కొట్టుకునేవాళ్లం. ఈసారి మాట్లాడుకుంటూ ఉండగానే మా జూనియర్ మూడూ చేయించి లింకులు పెట్టేసింది, అందరూ ఫోన్లో నొక్కి చూశారు, నెల క్యాలెండర్‌లో వేలు పెట్టే చోటు లేదని నొక్కినవాళ్లకే అర్థమైపోయింది, ఇంక ఎవరూ ఎవరినీ ఒప్పించాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు విసుగు పుట్టించే సంగతులు. మొదటిది ఆ రంగు. ఏం అడిగినా ఊదా నీలం బటన్లు, గ్రేడియంట్ హెడర్, గుండ్రటి మూలల కార్డులు, ప్రతి హెడింగ్ పక్కనా ఒక ఎమోజీ. ఇది మీ ఒక్కరి అనుభవం కాదు, వెబ్ స్క్రీన్లకి రంగులూ సైజులూ దిద్దే టెయిల్‌విండ్ అనే కోడ్ టూల్ చేసిన ఆడమ్ వాథన్ 2025లో సరదాగా క్షమాపణ కూడా చెప్పాడు, అయిదేళ్ల కిందట టెయిల్‌విండ్ యూఐలో బటన్లన్నిటికీ ఇండిగో పెట్టినందుకు ఇప్పుడు భూమ్మీద ఏఐ చేసిన ప్రతి స్క్రీనూ ఇండిగోలోనే వస్తోందని. జోకే గానీ వెనక విషయం ఉంది, మోడల్‌కి నెట్‌లో ఎక్కువగా కనిపించిందే అది మళ్లీ వడ్డిస్తుంది. మనం గట్టిగా వేరేది అడక్కపోతే సగటు డిజైనే వస్తుంది, పక్క కంపెనీ వాడికీ అదే సగటు వస్తుంది.

సగటు దాటి మరీ ఒకే యాప్ పోలిక వచ్చేసిన సందర్భం కూడా ఉంది, 2024 జూన్‌లో ఫిగ్మా తన కాన్ఫిగ్ ఈవెంట్‌లో మేక్ డిజైన్స్ అని ఒక ఫీచర్ చూపించింది, వెదర్ యాప్ అడిగితే యాపిల్ వెదర్ యాప్‌కి కవల పిల్లలా ఉండే స్క్రీన్లు వస్తున్నాయని ఒక డిజైనర్ బయటపెట్టాడు, ఫిగ్మా సీఈఓ డిలన్ ఫీల్డ్ తప్పు ఒప్పుకుని కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేశాడు, తర్వాత ఫస్ట్ డ్రాఫ్ట్ అన్న పేరుతో మళ్లీ తెచ్చారు. నాకైతే ఆ కొత్త పేరే ఎక్కువ నిజాయితీగా అనిపించింది.

డిజైన్ సిస్టమ్, అంటే టీమ్ అంతా వాడే రెడీమేడ్ బటన్లూ రంగుల లైబ్రరీ, విషయానికొస్తే, మొదట్లో మహా చిరాకు. మా దగ్గర బటన్ కాంపొనెంట్ ఉంది, రంగులకి టోకెన్లు (పెట్టుకున్న పేర్లు) ఉన్నాయి, అయినా అది తన సొంత బటన్ కనిపెట్టుకుంటుంది, రంగు కోడ్ నేరుగా కొట్టేస్తుంది, ఒకే స్క్రీన్‌లో మూడు రకాల బటన్లు. తర్వాత ఎంసీపీతో మా లైబ్రరీని కలిపాం, ఎంసీపీ అంటే 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ బయటపెట్టిన ఓపెన్ పద్ధతి, ఏఐ మోడల్ బయట ఉన్న ఫైళ్లనీ టూల్స్‌నీ చూడగలగడానికి. కలిపాక చాలా మెరుగైంది, కానీ ఒక మెలిక ఉంది, మన లైబ్రరీలో పేర్లు సరిగ్గా ఉంటేనే. "బ్లూ 3" అని పేరుంటే అది ఎక్కడ వాడాలో మోడల్‌కి ఏం తెలుస్తుంది? "ప్రైమరీ బటన్ బ్యాక్‌గ్రౌండ్" అని ఉంటే తెలుస్తుంది. మా టీమ్‌లో ఒకాయన ఏళ్ల తరబడి కాంపొనెంట్లకి పేర్లు సరిచేస్తూ, ఎప్పుడు వాడాలి ఎప్పుడు వాడకూడదు అని కింద వివరణ రాస్తూ కూర్చునేవాడు, అందరం నవ్వేవాళ్లం, ఇప్పుడు ఆయనే హీరో. ఆయన రాసిన వాక్యాల్ని మోడల్ అక్షరం అక్షరం పాటిస్తోంది, మనుషులు ఎన్నడూ అంత శ్రద్ధగా చదవలేదు పాపం.

సరే ఇవన్నీ సర్దుకునేవే. నాకు అసలు ఇబ్బందనిపించింది వేరే.

ఇదివరకు ఒక డిజైన్ ఎంత నున్నగా ఉందో చూస్తే దాని వెనక ఎంత ఆలోచన జరిగిందో అంచనా దొరికేది. పెన్సిల్ గీతలుంటే ఇంకా అనుకుంటున్నారని, బూడిద రంగు డబ్బాలుంటే ఫ్లో కుదిరిందని, రంగులూ అక్షరాలూ పడితే దాదాపు ఖాయమని. ఎవరూ చెప్పక్కర్లేదు, చూస్తే తెలిసిపోయేది, దాన్ని బట్టే ఎలాంటి ప్రశ్న అడగాలో కూడా తెలిసేది. ఆ నునుపు తేవడానికి టైమ్ పట్టేది, ఆ టైమ్‌లో గీసేవాడు అనుకోకుండానే ఆలోచించేవాడు. ఈ టూల్ ఆ లంకె తెంపేసింది. ఇప్పుడు పొద్దున స్నానం చేస్తూ వచ్చిన ఐడియా మధ్యాహ్నానికి పూర్తయిన యాప్ వేషంలో ఎదురుగా నిలబడుతోంది, పునాది తవ్వకముందే రంగులేసి కర్టెన్లు కట్టేసిన ఇల్లులాగా, చూసేవాళ్లు కర్టెన్ రంగు గురించే మాట్లాడతారు గానీ పునాది ఏదని ఎవరడుగుతారు.

ఒక్కటి దగ్గరగా చూపిస్తా. మా పీఎం అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసే ఫ్లో చేసుకొచ్చాడు. బాగుంది, నిజంగా బాగుంది. ఎరుపు బటన్, "నిజంగా క్యాన్సిల్ చేయాలా?" అని కింద నుంచి పైకొచ్చే షీట్, అవును అంటే ఒక చక్రం తిరిగి గ్రీన్ టిక్, "మీ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ అయింది".

"బ్రో, గంటలో లేపేశా. రేపు యూజర్ టెస్టింగ్‌కి పంపేద్దామా?"

"ఒక్క నిమిషం బ్రో, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి నొక్కు."

నొక్కాడు. చక్రం తిరిగింది, గ్రీన్ టిక్ వచ్చింది.

"వచ్చింది కదా, ఏమైంది?"

"నెట్ లేకుండా ఎవరికి చెప్పి క్యాన్సిల్ చేసింది బ్రో అది?"

కోడ్ తెరిచి చూస్తే ఒకటిన్నర సెకన్ల టైమర్, అది అవగానే గ్రీన్ టిక్, అంతే. సర్వర్ లేదు, దానితో మాట్లాడే ఏపీఐ లేదు, ఫెయిలయ్యే దారే లేదు. టూల్ మోసం చేసిందని అనను, అతను అడిగింది ఫ్లో చూపించమని, అది చూపించింది. కానీ ఆ ప్రొటోటైప్‌తో టెస్ట్ చేస్తే పదికి పది మంది "చాలా ఈజీగా ఉంది" అనేవాళ్లు, మేం శభాష్ అనుకుని కట్టేసేవాళ్లం. నిజానికి క్యాన్సిల్‌లో కష్టమంతా ఆ ఒకటిన్నర సెకన్లలోనే ఉంది. కట్టిన డబ్బులో ఎంత వెనక్కొస్తుంది, ఎప్పుడొస్తుంది, అరగంటలో అపాయింట్‌మెంట్ ఉంటే క్యాన్సిల్ ఒప్పుకోవాలా, అవతల క్లినిక్ వాళ్లే అదే నిమిషంలో టైమ్ మార్చేస్తే ఏం కనిపించాలి.

సరే, ఎర్రర్ స్క్రీన్ కూడా పెట్టు అని ప్రాంప్ట్ కొట్టాడు. వెంటనే పెట్టింది, "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అని, పక్కన ఒక బాధపడే మొహం బొమ్మ. చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంది. కానీ ఆలోచించండి, రిక్వెస్ట్ సర్వర్‌కి చేరి, క్యాన్సిల్ కూడా అయిపోయి, ఆ జవాబు మాత్రం తిరిగి ఫోన్‌కి చేరకపోతే? అప్పుడు అది ఫెయిల్ కాదు, సక్సెస్ కాదు, మనకి తెలియని స్థితి. అక్కడ "పొరపాటు జరిగింది" అని రాస్తే యూజర్ అపాయింట్‌మెంట్ ఇంకా ఉందనుకుని వెళ్తాడు, అక్కడ అతని పేరు ఉండదు. ఆ చోట రాయాల్సింది "క్యాన్సిల్ అయిందో లేదో కనుక్కుంటున్నాం, కాసేపట్లో మెసేజ్ పంపిస్తాం" లాంటిది, పైగా రెండోసారి నొక్కినా రెండు క్యాన్సిళ్లుగా లెక్క పడకుండా సర్వర్ వైపు ఏర్పాటు ఉండాలి, అది డెవలపర్‌తో మాట్లాడితే గానీ తేలదు. ఇదంతా మేం టూల్‌కి వివరంగా చెబితే చక్కగా చేసింది, అడిగిన స్క్రీన్లన్నీ నిమిషాల్లో ఇచ్చింది. అడగడం తెలియాలి అంతే. ఆ అడగాల్సిన సంగతులు చక్రం తిరిగే బొమ్మ గీస్తూ చేతులు కాల్చుకున్నవాడికి గుర్తొస్తాయి, మొదటిసారి చూసేవాడికి గ్రీన్ టిక్ ఒక్కటే కనిపిస్తుంది.

ఈ సంఘటన తర్వాత మా రివ్యూ మీటింగుల తీరు మార్చుకోవాల్సి వచ్చింది. ఎవరు ప్రొటోటైప్ తెచ్చినా, పీఎం అయినా సపోర్ట్ అక్క అయినా, పైన రెండు మూడు వాక్యాలు రాసి తేవాలి, ఇందులో ఏది ఉత్తుత్తిది, ఏ దారి అసలు ఆలోచించలేదు, ఇది ఎవరి ఏ ఇబ్బంది కోసం అని. మొదట్లో అందరూ మొహం మాడ్చుకున్నారు, ఇన్నాళ్లకి డిజైనర్ల మీద ఆధారపడకుండా చేస్తుంటే మళ్లీ ఈ పేపర్‌వర్క్ ఏంటని. కానీ విచిత్రంగా, ఆ వాక్యాలు రాయబోయి ఆగిపోయిన ప్రొటోటైప్‌లు బోలెడు. మనకి తెలియకుండానే వడపోత జరిగిపోయింది.

సపోర్ట్ అక్క సంగతి వచ్చింది కాబట్టి చెప్తా, ఈ టూల్ వల్ల నాకు బాగా నచ్చిన మార్పు ఆవిడే. రోజూ ఫోన్లలో తిట్లు తినే మనిషి, ఇదివరకు టికెట్లు రాసి పంపేవారు, మేం "బ్యాక్‌లాగ్‌లో పెడతాం అక్కా" అని నిజంగానే బ్యాక్‌లాగ్‌లో పెట్టి మర్చిపోయేవాళ్లం. ఇప్పుడు ఆవిడ తనకి రోజూ వచ్చే ప్రశ్న ఒకటి తీసుకుని, "నా అపాయింట్‌మెంట్ కన్ఫర్మ్ అయిందా లేదా" అన్నదానికి హోమ్ స్క్రీన్ మీదే జవాబు కనిపించేలా ఒక చిన్న స్ట్రిప్ చేయించుకుని వచ్చారు. రంగులు ఘోరం, స్పేసింగ్ ఘోరం, మధ్యలో ఎమోజీలు. ఐడియా మాత్రం మా టీమ్ మొత్తం కలిసి చేసిన దానికన్నా నయం. అందుకే టూల్ డిజైనర్ల కడుపు కొడుతుందా అని నన్ను అడిగితే నాకు జవాబు చెప్పబుద్ధి కాదు, సమస్య దగ్గరున్న మనిషికి గొంతు ఇచ్చింది, సమస్యకి దూరంగా ఉన్న మనిషికి కూడా అంతే పెద్ద గొంతు ఇచ్చింది, రెండోదే ఎక్కువ వినబడుతోంది అంతే.

డెవలపర్ల వైపు చూస్తే ఇంకో రచ్చ. టూల్ ఇచ్చేది కోడే కాబట్టి మేనేజర్లకి వెంటనే వచ్చే అనుమానం, "కోడ్ రెడీగా ఉంది కదా, మళ్లీ రెండు స్ప్రింట్లు (వారాల లెక్కన చేసే పని విడతలు) ఎందుకు?" మా సీనియర్ డెవలపర్ మేడమ్ ఆ కోడ్ తెరిచి అందరికీ ప్రొజెక్టర్ మీద చూపించారు, ఒకే తేదీని మూడు ఫైళ్లలో మూడు రకాలుగా ఫార్మాట్ చేసింది, ఒక ఫైల్ ఎనిమిది వందల లైన్లు దాటేసింది, రహస్యంగా ఉండాల్సిన ఏపీఐ కీ నేరుగా బ్రౌజర్‌కి వెళ్లే కోడ్‌లో కూర్చుంది, అంటే ఎవరైనా చూడొచ్చు. ఆవిడ మాట ఒక్కటే, "నాకు ఇది స్పెక్‌గా, అంటే ఏం కట్టాలో చెప్పే వివరణగా ఇవ్వండి, తీసుకుంటాను. కోడ్‌గా ఇవ్వకండి." నాది కూడా అదే అభిప్రాయం, ప్రొటోటైప్ కోడ్ పారేయడానికే. 2025 జూలైలో రెప్లిట్ కంపెనీ కోడింగ్ ఏఐ ఏజెంట్ ఒక ప్రాజెక్టులో కోడ్ ఫ్రీజ్ (ఏదీ మార్చొద్దన్న ఆంక్ష) నడుస్తుండగానే ప్రొడక్షన్ డేటాబేస్, అంటే అసలు డేటా ఉన్నది, డిలీట్ చేసేసిన కథ మీరు వినే ఉంటారు, ఆ కంపెనీ సీఈఓ బయటికొచ్చి క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్ డేటాబేస్‌నీ ప్రొడక్షన్ డేటాబేస్‌నీ విడగొట్టే పని మొదలుపెట్టారు. కాబట్టి ఏ టూల్ అయినా సరే, అసలు డేటా ఉన్నచోటికి దాన్ని రానివ్వకండి.

స్పీడ్ గురించి కూడా ఒక మాట. వాడేటప్పుడు గాల్లో తేలుతున్నట్టుంటుంది, నిజంగా తొందరగా అవుతోందా అన్నది వేరే లెక్క. మెటర్ అనే రీసెర్చ్ సంస్థ 2025లో 16 మంది అనుభవమున్న ఓపెన్ సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించి చూసింది, ఏఐ వాడినప్పుడు వాళ్లకి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది, కానీ అయిపోయాక అడిగితే 20 శాతం తొందరగా చేశామని చెప్పారు. అది ఆ ఏడాది మొదట్లో ఉన్న టూల్స్‌తో, వాళ్లకి బాగా తెలిసిన పెద్ద కోడ్‌లో, అందుకని డిజైన్‌కి యథాతథంగా అతికించలేం. కానీ ఆ అనిపించడానికీ అవడానికీ ఉన్న తేడా మాత్రం నాకు రోజూ కనిపిస్తోంది. మొదటి స్క్రీన్ రెండు నిమిషాల్లో వస్తుంది, చివరి పది శాతం దగ్గర మధ్యాహ్నం మొత్తం పోతుంది. కార్డ్ లోపల ప్యాడింగ్ కొంచెం తగ్గించు అంటే తగ్గిస్తుంది, దాంతోపాటు నేను అడగని పక్క స్క్రీన్‌లో హెడింగ్ సైజ్ మార్చేస్తుంది, అది నేను గమనించేది ఇంకో అయిదు మార్పులయ్యాక. ఎర్రర్ వస్తే "సరిచేశాను" అంటుంది, మళ్లీ అదే ఎర్రర్, మళ్లీ "ఇప్పుడు నిజంగా సరిచేశాను" అంటుంది, ఈలోపు క్రెడిట్లు (డబ్బు కట్టి కొనుక్కున్న వాడకం కోటా) కరిగిపోతుంటాయి, దాని పొరపాటు అది సరిదిద్దుకోడానికి కూడా బిల్లు మనకే. ఈ క్రెడిట్ల లెక్క నాకు పరమ చికాకు, నెలాఖరుకి ఎంతవుతుందో ముందు చెప్పలేం. చిన్న చిన్న మార్పులకి చాట్ వాడకుండా ఎలిమెంట్ మీద నొక్కి చేత్తో మార్చుకునే ఆప్షన్ ఉందేమో చూడండి, మా దాంట్లో ఉంది, ఎవరూ వాడట్లేదు, అందరూ చాట్‌లోనే బతిమాలుకుంటున్నారు.

యాక్సెసిబిలిటీ, అంటే చూపు లాంటి ఇబ్బందులున్నవాళ్లు కూడా వాడగలగడం, దగ్గర మార్కులు తక్కువ. దానికున్న అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు డబ్ల్యూసీఏజీ ప్రకారం మామూలు సైజ్ అక్షరాలకి కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, ఇది తెల్ల మీద లేత బూడిద అక్షరాలు పెట్టడానికి మహా ఇష్టపడుతుంది. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 చెప్తోంది, మూల మీద వచ్చే క్లోజ్ గుర్తు అంతకంటే చిన్నగా వచ్చింది. బటన్‌లా కనిపించేవి కొన్ని కోడ్‌లో బటన్లే కావు, కీబోర్డ్‌తో అక్కడికి చేరలేం, స్క్రీన్‌ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని పట్టించుకోదు. చెబితే సరిచేస్తుంది, నిజమే, కానీ చెప్పాలంటే మనకి ముందు తెలియాలి కదా.

తెలుగు స్క్రీన్ల సంగతి కూడా చెప్పాలి, ఇక్కడ చాలామందికి పనికొస్తుంది. ఇంగ్లిష్‌లో చేయించి ఆఖర్న తెలుగు పెట్టమంటే పెట్టేస్తుంది, కానీ లైన్ హైట్ ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయేంతే ఉంచుతుంది. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు, రెండు వైపులా చోటు కావాలి, "అపాయింట్‌మెంట్ రద్దయింది" అని రాస్తే ద కింద ఒత్తు సగం కోసేసి కనిపించింది, బాక్స్ దాటినదాన్ని దాచేయమని కోడ్‌లో ఉండడం వల్ల. బటన్ వెడల్పు ఇంగ్లిష్ మాటకి కొలిచి పెట్టింది కాబట్టి తెలుగు మాట చివర్లో మూడు చుక్కలు. మొదటి ప్రాంప్ట్‌లోనే "అక్షరాలు తెలుగు, లైన్ హైట్ 1.6 పైన ఉంచు, బటన్‌కి వెడల్పు ఫిక్స్ చేయకు" అని రాస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

రీసెర్చ్ ఇంటర్వ్యూలని సారాంశం చేసే ఫీచర్ కూడా ఉంది, నేను పెద్దగా నమ్మను. టాపిక్‌లు చక్కగా విడదీస్తుంది, ఒకావిడ "బాగానే ఉంది" అన్న మాట పాజిటివ్ కింద వేసింది, వీడియో చూస్తే ఆవిడ ఆ మాట అనేముందు చాలాసేపు ఆగి పక్కకి చూసింది. వెతుక్కోడానికి వాడండి, తీర్పుకి వద్దు.

ఇక జూనియర్లు. ఇది రివ్యూలో రాయాలా అనిపించింది గానీ కొనేముందు టీమ్ లీడ్‌లు ఆలోచించాల్సిన విషయమే. ఖాళీ స్క్రీన్లు గీయడం, ఒకే బటన్‌కి ఆరు రకాల స్థితులు గీయడం, ఐకాన్లు సైజులు మార్చడం, ఇవన్నీ బోర్ పనులే, కానీ నేను ఎర్రర్ స్టేట్ గురించి నేర్చుకున్నది ఆ బోర్ పనిలోనే. ఇప్పుడు ఆ పనంతా టూల్ చేసేస్తోంది, జూనియర్‌కి మిగిలింది అది ఇచ్చినదాన్ని తనిఖీ చేయడం, ఎప్పుడూ చేయని పనిని తనిఖీ ఎలా చేస్తారు? మేం చేస్తున్నదొకటి చెప్తా, మా జూనియర్‌కి టూల్ ఇచ్చిన ఫ్లో ఇచ్చి "దీన్ని విరగ్గొట్టే పది మార్గాలు రాసుకురా తల్లీ" అంటున్నాం, డెవలపర్ పక్కన కూర్చోబెట్టి. మొదటిసారి రెండు రాసింది, ఇప్పుడు మాకు తట్టనివి కూడా పట్టుకుంటోంది. కానీ ఇలా కూర్చోబెట్టే తీరిక లేని టీమ్‌లలో, పైగా "టూల్ ఉంది కదా, జూనియర్ ఎందుకు" అనుకునే టీమ్‌లలో, రేపు సీనియర్లు ఎక్కణ్ణుంచి ఊడిపడతారో నాకైతే అర్థం కాదు.

డిజైనర్లకి ఒక లాభం మాత్రం దొరికింది. బటన్ మీద మాట మార్చాలన్నా, స్పేసింగ్ రెండు పిక్సెళ్లు సరిచేయాలన్నా ఇదివరకు టికెట్ రాసి వారాలు ఎదురుచూసేవాళ్లం, ఇప్పుడు మేమే కోడింగ్ ఏజెంట్ సాయంతో మార్పు చేసి పుల్ రిక్వెస్ట్ (ఈ మార్పు అసలు కోడ్‌లో కలపమనే అభ్యర్థన) పెడుతున్నాం, డెవలపర్ చూసి ఓకే అంటే అయిపోయింది. డిజైన్‌ని డెవలపర్లకి అప్పగించే హ్యాండాఫ్ మీటింగ్ దాదాపు చచ్చిపోయింది, ఎవరూ ఏడవలేదు.

ఎవరు కొనొచ్చంటే, ఒక్కరే ప్రొడక్ట్ చేసుకునేవాళ్లు, ఐడియా చూపించి అభిప్రాయం తెలుసుకోవాలనుకునేవాళ్లు, అసలు డేటాతో స్క్రీన్ పరీక్షించాలనుకునే డిజైనర్లు నిక్షేపంగా తీసుకోండి. డిజైన్ సిస్టమ్ చక్కగా ఉన్న టీమ్‌లు కూడా. లైబ్రరీలో "ఫైనల్ కాపీ 2" లాంటి పేర్లున్న టీమ్‌లు ముందు ఇల్లు సర్దుకోండి, లేకపోతే చెత్తని పది రెట్లు స్పీడ్‌గా తయారు చేసుకుంటారు. అందరికీ ఒకేసారి సీట్లు కొనకండి, ముందు సపోర్ట్ వాళ్లకి రెండు, డిజైన్‌కి రెండు ఇచ్చి చూడండి, పీఎంలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు ఎలాగూ.

ఇంకొక్కటి, ప్లాన్ మార్చేముందు, ఆపేసే ముందు కోడ్ ఎలాగూ దింపుకుంటారు, చాట్ హిస్టరీ కూడా కాపీ చేసి పెట్టుకోండి. మా టూల్‌లో దానికి ఎక్స్‌పోర్ట్ బటన్ లేదు, చేత్తో కాపీ కొట్టుకోవాలి, విసుగ్గానే ఉంటుంది, కానీ నెల క్యాలెండర్ ఎందుకు తీసేశాం, ఆ "కనుక్కుంటున్నాం" అన్న వాక్యం ఎందుకు పెట్టాం అన్నది ఆ చాట్‌లో తప్ప ఇంకెక్కడా రాసి లేదు, స్క్రీన్ చూసి ఎవరూ చెప్పలేరు.